కొడికొండ నుంచి కోన్‌స్టాంజ్ దాకా: ఒక ఫోను, రెండు సిమ్ములు

అనంతపురం నుంచి బెంగళూరు పోయే బస్సు కొడికొండ చెక్‌పోస్టు దగ్గరికి రాగానే ఒకప్పుడు సగం మంది జేబులు తడుముకునేవాళ్లు. టికెట్ కోసం కాదు, ఫోను కోసం. చెక్‌పోస్టు దాటగానే అది కుయ్‌మనేది. కర్ణాటకకు స్వాగతం అని మెసేజి. ఇక మీదట ఎవరు ఫోన్ చేసినా, ఎత్తినందుకు మన డబ్బులే కట్టయితాయని దాని అర్థం. నిమిషానికి రూపాయి డెబ్బై ఐదు పైసల దాకా పడేది. 2013 జూలైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ పరిమితిని 75 పైసలకు, 2015 మేలో 45 పైసలకు దించింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి దేశంలో రోమింగే లేదనేసరికి, ఆ మరుసటి ఏడాదికల్లా మిగతా పెద్ద కంపెనీలూ ఎత్తేశాయి.

మడకశిర అవతలి పల్లెల వాళ్లకు చెక్‌పోస్టు దాకా పోయే పని కూడా లేకుండె. పావగడ కర్ణాటకదే గానీ దానికి మూడు వైపులా ఉన్నది మనమే. అక్కడి గాలికి ఏ టవరు ఎక్కడిదో తెలియదు కదా. మా అంగడికి వచ్చే రైతు ఒకాయన ఫోనెత్తగానే అనేవాడు: "అన్నా, నేను ఇంట్లోనే ఉండా, నా ఫోనే కర్ణాటకలో ఉంది. బిరీన చెప్పు."

ఈ కుయ్‌మనే శబ్దాన్ని మరిచిపోయి చాలా ఏళ్లయింది. పోయిన జూన్‌లో మళ్లీ వినబడింది, జూరిచ్ విమానాశ్రయంలో.

మాకు అనంతపురం పాతూరులో విత్తనాలు, ఎరువుల అంగడి. అమ్మాయి జర్మనీలో కోన్‌స్టాంజ్ అనే ఊర్లో చదువుకుంటోంది. మూడు వారాలు వచ్చి పొండి అని ఏడాదిగా ఒకటే పోరు. జూన్ అంటే మా అంగడికి కాలు నిలవని కాలం. ఒక పదునుకు వాన పడితే చాలు, శెనక్కాయ విత్తనాలకు జనం ఎగబడతారు. అయినా వీసా తేదీలు అట్లే కుదిరాయి. అంగడి బావమరిదికి అప్పజెప్పి నేనూ మా ఇంటామే బయల్దేరాం.

నాతో వచ్చిన చిక్కేమిటంటే, ఫోను ఆపి పెట్టి పోయే మనిషిని కాదు. బ్యాంకు ఓటీపీలన్నీ నా నంబరుకే వస్తాయి. పంపిణీదారుకు డబ్బు కట్టాలంటే ఓటీపీ, అంగడి బ్యాంకు ఖాతాలో చేయి పెట్టాలంటే ఓటీపీ. రైతులందరి దగ్గరా ఉన్నదీ ఆ నంబరే. కాబట్టి మన సిమ్ బతికే ఉండాలి, ఇంటర్నెట్ మాత్రం వేరేది కావాలి. దీనికి అమ్మాయి చెప్పిన మార్గం ఈ-సిమ్.

"నాయనా, నంబరు కొట్టేచోట స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొట్టు" అంది. కొట్టాను. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల చాంతాడంత నంబరు కనబడింది. అది ఉంటే ఫోనులో ఈ-సిమ్ చిప్పు ఉన్నట్టట. మా ఇంటామె ఫోనులో అది లేదు, ఆమె నా హాట్‌స్పాట్ మీదే బతకాలని తేలింది. ఈ-సిమ్ అంటే నేను ఇంకేదో సన్నటి సిమ్ అనుకుంటి. చిప్పు ఫోనులోనే అతికి ఉంటుంది, మనం కొనేది దాంట్లోకి దిగే ఒక ఫైలు మాత్రమే.

కొనడం అమ్మాయే కొనింది, అక్కడి నుంచే. ఇక్కడ మన దేశంలో విదేశీ సిమ్ములు అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి కావాలి. అది లేకుండా అమ్ముతున్నాయని 2024 జనవరిలో రెండు పేరున్న ఈ-సిమ్ యాప్‌లను మన దేశపు యాప్ స్టోర్ల నుంచి తీయించారు. నాకు పడింది జర్మనీ ప్యాకు, 10 జీబీ, 30 రోజులు. లెక్క మొదలయ్యేది సిమ్ దింపుకున్న రోజు నుంచి కాదు, అక్కడి టవరు పట్టుకున్న రోజు నుంచి. కొన్ని ప్యాకుల్లో దింపుకున్న క్షణం నుంచే రోజులు కరుగుతాయట, కొనే ముందే చూసుకోవాలి.

సిమ్ దింపుకునే క్యూఆర్ కోడ్ నా ఫోనుకు వచ్చింది. దాన్ని స్కాన్ చేయాల్సిందీ నా ఫోనే. తన వీపును తను ఎట్ల చూసుకుంటుంది? కొన్ని ఫోన్లలో ఆ బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలట, నాకది తెలిసేసరికి ఆలస్యమైంది. సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక జిరాక్స్ అంగడికి పోయి, వాట్సాప్‌లో పంపి ప్రింటు తీయమన్నాను. ఆ పిల్లోడు కాగితం చేతికివ్వబోతూ ఆగి, "ఇదెవరి స్కానర్ అన్నా, ఇంత పెద్దగా ఉంది?" అని తన ఫోనులో డబ్బులు పంపే యాప్ తెరిచి దాని మీద పెట్టాడు. చెల్లదని వచ్చింది. "డబ్బులు పడవన్నా దీనికి" అని నవ్వాడు. నేనూ నవ్వి అయిదు రూపాయలు ఇచ్చి వచ్చేశాను.

రాత్రి ఈ ముచ్చట చెబితే అమ్మాయి నవ్వలేదు. "డబ్బుల యాప్ కాబట్టి సరిపోయింది నాయనా. ఈ-సిమ్ పట్టే ఫోనుతో, మామూలు కెమెరాతో చూసి సరే అని నొక్కి ఉంటే సిమ్ ఆయన ఫోనులోకి దిగిపోయేది." ఆ కోడ్ సాధారణంగా ఒక్కసారికే పనిచేస్తుంది, ఎవరు ముందు దింపుకుంటే వాళ్లది. ఆ జిరాక్స్ అంగడి కంప్యూటర్లో నా కోడ్ ఇంకా అట్లే పడి ఉందని గుర్తొచ్చి అన్నం పక్కన పెట్టి లేచాను. ఇంటి వైఫై మీద రెండు నిమిషాల్లో దిగింది. దానికి 'జర్మనీ' అని, పాతదానికి 'ఇండియా' అని పేర్లు పెట్టాను. ఈ పేర్లు పెట్టడం చిన్న పనే గానీ, దాని విలువ జూరిచ్‌లో తెలిసింది. అక్కడ ఆ పేరును నేను చదువుకోలేదు, అది వేరే సంగతి.

సుభాష్ రోడ్డులో మా సిమ్ కంపెనీ షోరూంకు పోయి అంతర్జాతీయ రోమింగ్ తెరిపించాను. అది తెరవకపోతే విదేశంలో మన సిమ్ ఏ టవరునూ పట్టుకోదు, ఓటీపీ కూడా రాదు. అక్కడి అబ్బాయి రోమింగ్ ప్యాకు వేసుకోమన్నాడు. "నాకు ఈ-సిమ్ ఉందప్పా" అన్నాను, ఏదో జర్మనీయే కొనేసినట్టు.

ఇక బంధువుల సలహాలు. కువైట్ నుంచి వచ్చినాయన, అమెరికా పోయి వచ్చినామె, ఎక్కడికీ పోని మా చిన్నాయన, అందరిదీ ఒకే మాట: డేటా రోమింగ్ ఆన్ చేసినావంటే చేను అమ్ముకోవాల్సిందే. ఆ మాట తలలో మేకు దిగినట్టు దిగింది. రెండు సిమ్ములకూ ఆపి పెట్టి విమానం ఎక్కాను.

దోహాలో విమానం మారే మధ్యలో ఫ్లైట్ మోడ్ తీస్తే ఖతార్‌కు స్వాగతం అంది. వెంటనే మళ్లీ మూశాను. జూరిచ్‌లో దిగాక, బ్యాగుల బెల్టు దగ్గర నిలబడి మళ్లీ తీశాను. కుయ్. కుయ్. రెండు మెసేజిలు. మొదటిది స్విట్జర్లాండ్‌కు స్వాగతం, కాల్‌కు ఇంత, ఎంబీకి ఇంత అని. రెండోది, మీకు ప్యాకు లేదు, ఈ లింకు నొక్కి వేసుకోండి అని. స్వాగతం పలికింది కాబట్టి సిమ్ పనిచేస్తోందనుకున్నాను. ఏ సిమ్? అది ఆలోచించలేదు. ఆ మెసేజి పక్కన చిన్నగా '1' అని ఉంది, అంటే ఇండియా సిమ్. జర్మనీ అని నేనే పేరు పెట్టుకున్న రెండోదాని దగ్గర ఒక్క గీతా లేదు. ఉండదు కూడా. నేను కొనింది జర్మనీ ప్యాకు, నిలబడింది స్విట్జర్లాండ్‌లో. కోన్‌స్టాంజ్‌కు దగ్గరి పెద్ద విమానాశ్రయం జూరిచ్ అని తెలుసు, అది వేరే దేశమనీ తెలుసు. ఆ రెండు సంగతులనూ ఒకచోట పెట్టి ఆలోచించే తీరిక అనంతపురంలో లేకపోయింది.

మా ఇంటామె, "పిల్లకు దిగినామని చెప్పు, ఎదురుచూస్తా ఉంటుంది" అని ఒకటే తొందర. సెట్టింగుల్లోకి పోతే డేటా రోమింగ్ స్విచ్చులు రెండున్నాయి. ఏది వేయాలో తెలియక రెండూ వేశాను. ఛార్జీలు పడవచ్చు అని ఫోను ఒకసారి హెచ్చరించింది కూడా. పడనీ, ఈ-సిమ్‌కు ముందే కట్టినాం కదా అని సరే నొక్కాను.

వాట్సాప్ ఒక్కసారిగా కట్ట తెగినట్టు వచ్చింది. మా ఇంటామె నా హాట్‌స్పాట్ అందుకుని చెల్లెలికి వీడియో కాల్ చేసి బ్యాగుల బెల్టు చూపిస్తోంది. నాలుగు నిమిషాలు. కుయ్. మీ డేటా వాడకం పరిమితి చేరింది, ఆపేస్తున్నాం, అని ఇండియా సిమ్ నుంచి.

జరిగింది ఇది. ఇంటర్నెట్‌కు ఈ-సిమ్ వాడమని నేను పెట్టిన మాట నిజమే. కానీ ఒక సిమ్‌కు సిగ్నల్ లేకపోతే రెండోదాని డేటా వాడుకోమనే స్విచ్చు ఒకటి ఉంటుంది. నా ఫోనులో అది వేసే ఉంది. ఈ-సిమ్‌కు స్విట్జర్లాండ్‌లో దిక్కు లేదు, ఇండియా సిమ్ తలుపు నేనే తీసి పెట్టాను, ఫోను నమ్మకంగా దాంట్లోంచి తోడింది. ఫోను తప్పు ఏమీ లేదు. కంపెనీ ఆపేసింది కాబట్టి అంతటితో పోయింది.

విమానాశ్రయం వైఫై పట్టుకుని అమ్మాయికి ఫోన్ చేస్తే మొదటి మాట: "నాయనా, ఇండియా సిమ్ డేటా రోమింగ్ ఆపు. మార్చుకునే స్విచ్చు ఆపు. తరువాత మాట్లాడుదాం."

జూరిచ్ నుంచి కోన్‌స్టాంజ్ రైల్లో సుమారు గంట. చివర క్రాయ్ట్స్‌లింగెన్ అనే స్విస్ ఊరు, దాన్ని అంటుకునే కోన్‌స్టాంజ్. మధ్యలో ఖాళీ జాగా లేదు, మన పాతూరు ఎక్కడ అయిపోయి కొత్తూరు ఎక్కడ మొదలైందో చెప్పలేనట్టే. రైలు స్టేషన్లోకి పోతుండగా ఈ-సిమ్ గీతలు ఒకటి, రెండు, మూడు లేచాయి. ఈసారి ఇండియా సిమ్ జర్మనీకి స్వాగతం అంది. గీతలు వచ్చినా నెట్ రాలేదు. భయపడి రెండింటికీ డేటా రోమింగ్ ఆపేసి ఉంటిని కదా.

ఆ రాత్రి అమ్మాయి గదిలో పప్పన్నం తింటూ అసలు సంగతి నాకు అర్థమైంది. మనం 'జర్మనీ ఈ-సిమ్' అని కొంటాం గానీ, ఇట్లాంటి ప్రయాణపు సిమ్ చాలాసార్లు జర్మనీది కాదు. ఏదో ఇంకో దేశపు కంపెనీది, జర్మనీ టవర్లతో ఒప్పందం ఉన్నది. అంటే ఆ సిమ్ కూడా అక్కడ నాలాగా చుట్టమే. రోమింగ్‌లోనే ఉంటుంది. అందుకే దానికి డేటా రోమింగ్ వేస్తే తప్ప నెట్ రాదు. దాని ఖర్చు ముందే కట్టేశాం కాబట్టి వేసినా ఏమీ కాదు. అదే స్విచ్చు ఇండియా సిమ్‌కు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. పేరు ఒకటే, ఒకదానికి వేయాలి, ఒకదానికి ఆపాలి. మా బంధువులు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం.

ఇక స్వాగతం మెసేజి. ఫోను కొత్త దేశంలో టవరును పలకరిస్తే, ఆ టవరు వాళ్లు సిమ్ లోపలి నంబరు చూస్తారు. మనది 404తోనో 405తోనో మొదలవుతుంది, అది ఇండియా గుర్తు. అప్పుడు వాళ్లు ఇక్కడి మన కంపెనీని అడుగుతారు, ఈ మనిషి మీ వాడేనా, ఇతనికి సేవ ఇవ్వవచ్చా అని. అవునంటే మన కంపెనీ తన పుస్తకంలో ఫలానా నంబరు ఇప్పుడు ఫలానా దేశంలో ఉంది అని రాసుకుని, మనకు స్వాగతం పంపుతుంది. అంటే అది పెళ్లివాళ్ల తలుపు దగ్గర పన్నీరు చల్లడమే, భోజనం బిల్లు కాదు. నా ప్లానులో మెసేజి అందుకోవడానికి పైసా పడదు, ఓటీపీకీ అంతే. డబ్బు పడేది కాల్ ఎత్తినా, చేసినా, మెసేజి పంపినా, డేటా లాగినా. ఈ తేడా తెలియక, ప్రతి కుయ్‌కూ డబ్బు పోతోందని మా ఇంటామె రెండు రోజులు ఫోను దిండు కింద దాచింది.

మెసేజిల మధ్యలో దొంగవి కూడా వస్తాయి. రోమింగ్ ఆగిపోతుంది, ఈ లింకు నొక్కు అని. మన దేశపు కంపెనీల మెసేజిల్లో పంపినవాళ్ల పేరు చివర ఒక అక్షరం ఉంటుంది, ఎస్ ఉంటే సేవకు సంబంధించినది, పీ ఉంటే ప్రచారం. పదంకెల మామూలు నంబరు నుంచి స్వాగతం వస్తే నేను ముట్టుకోలేదు.

కోన్‌స్టాంజ్ నాకు నచ్చింది అక్కడి సరస్సు వల్ల మాత్రమే కాదు. ఆ ఊరు జర్మనీ వాళ్ల పావగడ. పాత ఊరు రైన్ నదికి స్విస్ వైపు ఉంటుంది, పేరుకు జర్మనీ. సరస్సు గట్టున రెండు ఊళ్ల మధ్య ఒకప్పుడు కంచె ఉండేదట. తీసేసి జోస్యం చెప్పే టారో కార్డుల బొమ్మలతో 22 పొడవాటి శిల్పాలు నిలబెట్టారు. వాటి మధ్య నుంచి జనం సైకిళ్ల మీద అటూ ఇటూ పోతుంటారు. స్విస్ వాళ్లు సంచులు పట్టుకుని ఇటు వస్తారు, ఇక్కడ సరుకులు చవక అని. అడిగేవాడు లేడు. నా ఫోను ఒక్కటే అడుగుతుంది. పొద్దున నడకకు పోతే శిల్పాల దగ్గర కుయ్, స్విట్జర్లాండ్‌కు స్వాగతం. తిరిగి వస్తే కుయ్, జర్మనీకి స్వాగతం. ఒకసారి శిల్పం పక్కన బెంచీ మీద కదలకుండా కూర్చుని ఉంటే రెండూ వచ్చాయి. అమ్మాయి గదిలో కిటికీ వైపు మంచం మీద పడుకుంటే స్విట్జర్లాండ్, వంటగదిలో జర్మనీ.

అప్పుడు నేను మా ఇంటామెతో అన్నాను: "నేను ఇంట్లోనే ఉండా, నా ఫోనే స్విట్జర్లాండ్‌లో ఉంది."

యూరోపియన్ యూనియన్ లోపల అయితే 2017 జూన్ 15 నుంచి వాళ్ల సిమ్ములకు రోమింగ్ బాధ లేదు, ఇంట్లో వాడినట్టే ఏ సభ్యదేశంలోనైనా వాడుకోవచ్చు. స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు. రెండు దేశాలకూ వీసా గేటు ఒకటే, ఫోనుకు మాత్రం వేరే గేటు. అమ్మాయి జర్మనీ సిమ్ ప్లానులో స్విట్జర్లాండ్ కూడా కలిపి ఉంది, అన్ని ప్లాన్లలోనూ ఉండదు. మనలాంటివాళ్లు 'యూరప్' అని రాసి ఉన్న ప్యాకు కొంటే లోపల దేశాల పట్టీ తెరిచి స్విట్జర్లాండ్ పేరు ఉందా అని వెతుక్కోవాలి. తిరుగు ప్రయాణానికి అట్లాంటి చిన్న ప్యాకు ఒకటి వేసుకున్నాను.

కుయ్‌కుయ్‌కి మందు ఫోనులోనే ఉంది. ఇండియా సిమ్ నెట్‌వర్క్ ఎంపికలో 'ఆటోమేటిక్' తీసేస్తే, గాలిలో ఉన్న కంపెనీలన్నీ వరసగా కనబడతాయి. స్విస్‌కామ్, సన్‌రైజ్, సాల్ట్ అవతలివి. టెలికామ్, వోడాఫోన్, ఓటూ ఇవతలివి. ఇవతలిది ఒకటి నొక్కి పెట్టాను, ఫోను నోరు మూసింది. ఊరు దాటి పోయే రోజు మళ్లీ ఆటోమేటిక్ వేసుకోవాలి, లేదంటే ఓటీపీలు ఆగిపోతాయి. నాకు ఒక రోజు ఆగిపోయాయి. బావమరిది పంపిణీదారు ముందు నిలబడి మాట్లాడుతుంటే నేను జూరిచ్‌లో గడియారాల అంగడిలో ఉన్నాను.

వానలు మొదలైన వారం. మనకు పొద్దున ఆరంటే అక్కడ రాత్రి రెండున్నర. ఫోను మోగింది. మడకశిర వైపు రైతు. నిద్రలో ఎత్తేశాను.

"అన్నా, కదిరి లేపాక్షి వచ్చిందా, కె-6 ఒకటే ఉందా?"

రెండూ శెనక్కాయ విత్తన రకాలే. లేపాక్షి అయిపోయింది, కె-6 ఉంది అని ఒక్క మాటలో చెప్పి పెట్టేయవచ్చు. ఆయన చేను తేమ గురించి, పోయినసారి మొలక సరిగా రాని సంగతి, కొడుకు పెళ్లి సంబంధం, అన్నీ చెప్పాడు. విత్తన శుద్ధికి ఏ మందు ఎంత కలపాలో నేనూ చెప్పాను. పదకొండు నిమిషాలు. పెట్టేశాక తెరవైపు చూస్తే సిగ్నల్ పక్కన రోమింగ్ అని చెప్పే చిన్న 'ఆర్' అక్షరం. వాట్సాప్ కాల్ అయి ఉంటే ఈ-సిమ్ మీద దాదాపు ఊరికే అయిపోయేది. వాట్సాప్ మన పాత నంబరుతోనే నడుస్తుంది, నెట్ ఎవరిదైనా దానికి పట్టదు. కానీ ఆయనది బటన్ల ఫోను. షోరూం అబ్బాయి చెప్పిన ప్యాకులో ఎత్తే కాల్స్ కలిసి ఉండె. నేను వద్దన్నది అదే.

తెల్లారి నుంచి ఎత్తడం మానేశాను. మోగి మోగి ఆగిపోనీ, ఎత్తకపోతే డబ్బు పడదు కదా అని. అంగడిలో నేను లేనప్పుడు వాడే ఏర్పాటు ఒకటి ఫోనులో ఎప్పటినుంచో ఉంది, నేను ఎత్తకపోతే కాల్ అంగడి నంబరుకు పోతుంది. అది అట్లే పని చేస్తూ ఉంది. బావమరిది అన్నీ మాట్లాడుతున్నాడు. ఎంత మంచి ఏర్పాటు అనుకున్నాను.

ఇంటికి వచ్చాక బిల్లు వచ్చింది. జూరిచ్ నాలుగు నిమిషాలు నేను అనుకున్నంతే ఉంది. పదకొండు నిమిషాల కాల్ ఉంది. దాని కింద నేను ఎత్తని కాల్స్ వరసగా ఉన్నాయి, ఒక్కోదానికి రెండేసి పద్దులు. కస్టమర్ కేర్ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. రైతు చేసిన కాల్ ఇండియా నుంచి జర్మనీకి నా ఫోను దాకా వచ్చింది, నేను ఎత్తలేదు, అక్కడి నుంచి మళ్లీ ఇండియాలో అంగడికి మళ్లింది. రానూపోనూ ఛార్జీ నాదే. కాల్స్ అన్నీ మొదటి నుంచే అంగడికి మళ్లేట్టు పోయే ముందు పెట్టుకుని ఉంటే, జర్మనీ దాకా వచ్చేవే కాదట, ఇక్కడికిక్కడే మళ్లిపోయేవి.

నాలుగు రోజుల తరువాత ఆ రైతే యూరియా కోసం అంగడికి వచ్చాడు. నేను జర్మనీలో ఉంటినని బావమరిది చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ముందే చెప్పకూడదా అన్నా. రెండు సార్లు మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేసేవాణ్ణి. ఎత్తకపోతే ఏం పడదు కదా?"